వాట్సాప్‌లో చీరలు అమ్ముతున్నారా? టెక్సస్‌లో సేల్స్ టాక్స్ ఇలా కట్టండి

మా వదిన ఫ్రిస్కోలో ఇంటి నుంచే చీరలు అమ్ముతుంది. శుక్రవారం రాత్రి గ్రూపులో ఫొటోలు పెడితే శనివారం మధ్యాహ్నానికి సగం అయిపోతాయి, డబ్బులు జెల్ (Zelle) అనే పేమెంట్ యాప్‌లో వచ్చేస్తాయి. టాక్స్ సంగతి ఎత్తితే "మనదేమన్నా షాపా?" అనేది. టెక్సస్ లెక్కలో షాపే.

ముందు ఒక అపోహ వదిలించుకోండి. 2018 జూన్‌లో ఆన్‌లైన్ ఫర్నిచర్ కంపెనీ వేఫేర్ కేసులో, తమ రాష్ట్రంలో షాపు లేని బయటివాళ్ల చేత కూడా రాష్ట్రాలు సేల్స్ టాక్స్ కట్టించుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, లక్ష డాలర్లు దాటితేనే టాక్స్ అని మనవాళ్లు తెగ చెప్పుకుంటారు. ఆ లక్ష సౌత్ డకోటా పెట్టుకున్న హద్దు, అదీ బయటి రాష్ట్రాల నుంచి అమ్మేవాళ్లకి. టెక్సస్ అయితే బయటివాళ్లకి 5 లక్షలు పెట్టుకుంది. మీరు ఇక్కడే ఉండి ఇక్కడివాళ్లకే అమ్మే వ్యాపారానికి ఏ హద్దూ లేదు, మొదటి చీర నుంచే వసూలు చేయాలి. ఎట్సీ, అమెజాన్‌లో అమ్మితే వాళ్లే వసూలు చేసి కడతారు. వాట్సాప్‌కి ఆ బాధ్యత లేదు, అది మీదే. (వీసా మీద ఉంటే ఈ వ్యాపారం అసలు చేయొచ్చా అన్నది వేరే తలనొప్పి, ముందు లాయర్ని అడగండి.)

టెక్సస్‌లో పన్నులు వసూలు చేసే అధికారి కంట్రోలర్, ఆ ఆఫీసు వెబ్‌సైట్‌లో సేల్స్ టాక్స్ పర్మిట్‌కి అప్లై చేయండి. ఫీజేమీ లేదు, "మేం తీసిస్తాం, ఇంత ఇవ్వండి" అనే సైట్ల జోలికి పోవద్దు. అందులో వ్యాపారం ఎక్కడి నుంచి చేస్తున్నారో ఆ అడ్రస్ సరిగ్గా రాయండి, ఎందుకో చెప్తాను.

120 డాలర్ల మంగళగిరి చీర అనుకోండి. ఫ్రిస్కోలో మొత్తం 8.25 శాతం, అంటే 9.90. ఇందులో 7.50 రాష్ట్రానికి. మిగతా 2.40లో 1.20 సిటీకి, చెరో 60 సెంట్లు అక్కడి రెండు డెవలప్‌మెంట్ కార్పొరేషన్లకి. అదే చీర ప్లేనో ఇంటి నుంచి అమ్మితే కొన్నావిడ కట్టేది అంతే, కానీ సిటీకి 1.20 పోగా మిగతా 1.20 డాలస్ ప్రాంతపు రవాణా సంస్థ డార్ట్ నడిపే బస్సులకి, రైళ్లకి. షిప్పింగ్‌కి 10 డాలర్లు తీసుకుంటే దాని మీదా టాక్స్ వేయాలి, చాలామంది మర్చిపోయేది ఇదే.

ఆ 2.40 మీదే ఊళ్లకీ ఊళ్లకీ తగువు. వేఫేర్ ముందు మున్సిపాలిటీలన్నీ ఒకే మాట మీద ఉండేవి: మెయిన్ స్ట్రీట్‌లో షాపువాడు టాక్స్ కడుతుంటే ఆన్‌లైన్‌వాడు ఎందుకు కట్టడని. 2013లో దీని కోసం అమెరికా కాంగ్రెస్‌లో పెట్టిన బిల్లు సెనేట్‌లో 69–27తో నెగ్గి హౌస్‌లో ఆగిపోయింది. తీర్పుతో డబ్బు రావడం మొదలయ్యాక ఆ ఐకమత్యం పోయింది. టెక్సస్‌లో అమ్మేవాడికి ఒక్కటే చోటు ఉంటే లోకల్ వాటా ఆ ఊరికే పోతుంది. మీ అడ్రస్ అందుకే ముఖ్యం. 2020లో కంట్రోలర్ ఆన్‌లైన్ ఆర్డర్ల వాటాని కొన్నవాళ్ల ఊళ్ల వైపు తిప్పేలా నిబంధన మారిస్తే, గోడౌన్లున్న కాపెల్, డెల్ ఉన్న రౌండ్ రాక్ లాంటి ఊళ్లు కోర్టుకెళ్లాయి. పెట్టె దిగే ఊరు రోడ్డు మాది అంటుంది, పెట్టె కదిలే ఊరు లారీలన్నీ తిరిగేది మా రోడ్ల మీదే అంటుంది. నాకైతే రెండో మాటలో పస ఎక్కువ కనిపిస్తుంది, కాపెల్ వైపు పొద్దున్నే డ్రైవ్ చేసినవాళ్లకి అర్థమవుతుంది.

వేరే రాష్ట్రానికి పార్సిల్ పంపితే టెక్సస్ టాక్స్ వేయక్కర్లేదు, కానీ మీ అమ్మకాలు ఆ రాష్ట్రం పెట్టుకున్న డాలర్ల హద్దు దాటాయేమో చూసుకోవాలి. కొన్నిచోట్ల డాలర్లతో పాటు 200 ఆర్డర్ల లెక్క కూడా ఉంది, బ్లౌజు పీసుల్లాంటి చిన్న ఆర్డర్లతో అది ఇట్టే నిండిపోతుంది. న్యూజెర్సీలో బట్టల మీద టాక్స్ లేదు, చీరతో పాటు పంపిన వన్‌గ్రామ్ గోల్డ్ హారం మీద మాత్రం ఉంది.

రిటర్న్ 20వ తేదీకల్లా వేయాలి. మీది నెలకా, మూడు నెలలకా, ఏడాదికా అన్నది కంట్రోలర్ చెప్తారు. టైముకి కడితే అర శాతం మీకే వదిలేస్తారు. ఒక్క చీరా అమ్మకపోయినా సున్నా రిటర్న్ వేయాల్సిందే. ఇండియా వెళ్లొచ్చేసరికి తేదీ దాటిపోయి, కట్టాల్సింది ఏమీ లేకపోయినా మా వదినకి 50 డాలర్ల పెనాల్టీ పడింది.