హైడ్రాంజియా రంగు మారిందా? ముందు పక్కనున్న గోడ చూడండి

ఒడిశాలోని కొరాపుట్‌లో మా పెరట్లో ఒకే మొక్క కొమ్మలు నాటి పెంచిన హైడ్రాంజియాలు రెండున్నాయి. కంచె దగ్గరది నిండు నీలం, సున్నం కొట్టిన గోడ పక్కది గులాబీ. తేడా అంతా మట్టిదే. ఇక్కడి ఎర్రమట్టికి ఆమ్ల గుణం ఎక్కువ. పీహెచ్ అంటే ఆ గుణానికి కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. అది 5.5 కంటే తగ్గితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేళ్ళకి అందుతుంది, పూలు నీలమవుతాయి. వానకి గోడ సున్నం కారి పీహెచ్ 6.5 దాటితే అల్యూమినియం అందదు, గులాబీ పూస్తుంది. తెల్ల రకాలు మాత్రం ఏం చేసినా నీలం కావు.

నీలం కావాలంటే ముందు మట్టి తడిపి, 4 లీటర్ల నీళ్ళలో అల్యూమినియం ఉండే పటిక పొడి చెంచాడు కరిగించి నెలకోసారి పొయ్యండి. ఎముకల పొడి వద్దు, అందులోని భాస్వరం అల్యూమినియాన్ని పట్టేసుకుంటుంది. మార్పు తర్వాతి పూతలోనే బాగా కనిపిస్తుంది, ఓపిక పట్టండి.

పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ దీనికి హాయి. ఎండకి ఆకులు వాలిపోతే కంగారుగా నీళ్ళు గుమ్మరించకండి. మట్టిలో వేలు గుచ్చి చూడండి, లోపల తడి ఉంటే సాయంత్రానికి ఆకులు వాటంతటవే లేస్తాయి. పూలు వాడగానే కత్తిరించండి. ఆలస్యంగా కత్తిరిస్తే పాత కొమ్మల్లోని వచ్చే ఏటి మొగ్గలు పోతాయి. మేకల్ని దగ్గరికి రానివ్వకండి, దీని ఆకు విషం.