పాత ఫ్రిజ్ చల్లబడకపోతే గ్యాస్ అనుకునే ముందు చూడవలసినవి

ఫ్రిజ్ చల్లబడటం మానేయగానే చాలా ఇళ్లలో వినిపించే మొదటి మాట గ్యాస్ అయిపోయిందని. ఫ్రిజ్‌లోని గ్యాస్ సిలిండరులోని వంటగ్యాస్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాలలో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అందువల్ల డబ్బు ఖర్చు పెట్టే ముందు, చెవితోనూ చేతితోనూ ఇంట్లోవారే తెలుసుకోగలిగినవన్నీ తెలుసుకోవడం మంచిది. ఇక్కడ చెబుతున్నది ముఖ్యంగా ఒకే తలుపు ఉండి, లోపల పైభాగాన ఫ్రీజర్ ఉన్న పాత రకం గురించి.

ముందుగా తలుపు తెరిచి లైటు వెలుగుతోందో లేదో చూడండి. వెలగకపోతే ప్లగ్గు, సాకెట్టు, స్టెబిలైజరు సరిచూసుకోవాలి. లైటు వెలుగుతున్నా కంప్రెసర్ (వెనక అడుగున ఉండి గ్యాస్‌ను తిప్పే మోటారు) చప్పుడు బొత్తిగా లేకపోతే, చల్లదనాన్ని ఎక్కువ తక్కువ చేసే థర్మోస్టాట్ నాబ్ సున్నా మీద ఉందేమో, దాని మధ్యలోని, మంచు కరిగించడానికి వాడే డీఫ్రాస్ట్ బటన్ నొక్కుకుపోయి అక్కడే ఇరుక్కుందేమో గమనించండి. ఆ బటన్ లోపలికే ఉండిపోతే కంప్రెసర్ మొదలుకాదు. ఇంత చిన్న కారణానికి మెకానిక్‌ను పిలిపించిన ఇళ్లు ఉన్నాయి.

కంప్రెసర్ కొన్ని క్షణాలు గుర్రుమని, టిక్కుమని ఆగిపోయి, కాసేపటికి మళ్లీ అదే పని చేస్తుంటే మొదట అనుమానించవలసింది వోల్టేజీని. మన ఇళ్లకు రావలసింది 230 వోల్టులు. వేసవి సాయంత్రాలలో అది బాగా పడిపోయినప్పుడు కంప్రెసర్ కదలలేక వేడెక్కుతుంది, ఓవర్‌లోడ్ అనే చిన్న రక్షణ స్విచ్ దానిని కాపాడటానికి కరెంటు ఆపేస్తుంది. అలాంటప్పుడు ఫ్రిజ్‌ను ఆపి ఉంచడమే దానికి మేలు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అయిదు నిమిషాలు ఆగి వేయాలి. వోల్టేజీ సరిగ్గా ఉన్నా ఇదే చప్పుడు వస్తుంటే, కంప్రెసర్‌ను మొదలుపెట్టించే రిలే గాని ఓవర్‌లోడ్ గాని చెడి ఉండవచ్చు. ఇవి చిన్న భాగాలు. వీటిని పరీక్షించకుండా కంప్రెసర్ మార్చడానికి ఒప్పుకోవద్దు.

కంప్రెసర్ ఆగకుండా తిరుగుతున్నా చల్లదనం చాలకపోతే వేడి బయటికి పోయే దారి చూడాలి. ప్లగ్గు తీసి, వెనకవైపు నల్లని కాయిల్ మీద పేరుకున్న దుమ్మును మెత్తని బ్రష్‌తో దులిపి, గోడకు జానెడు ఎడం ఉండేలా ఫ్రిజ్‌ను జరపండి. తరువాత తలుపు రబ్బరు. ఒక కాగితాన్ని తలుపు సందులో పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి. జారి వచ్చిన చోట రబ్బరును గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, అప్పటికీ పట్టు రాకపోతే మార్పించాలి. ఫ్రీజర్‌లో మంచు వేలిమందం దాటితే అదే చల్లదనానికి అడ్డుగోడ అవుతుంది. దానిని దానంతట కరగనివ్వాలే తప్ప కత్తితో గాని గరిటె కాడతో గాని పొడవకూడదు. పలుచని అల్యూమినియం రేకు కింద గ్యాస్ గొట్టాలే ఉంటాయి. ఒక్క పోటుతో, బాగున్న ఫ్రిజ్‌కు నిజంగానే లీకు వస్తుంది.

ఇవన్నీ చేశాక నాబ్‌ను మధ్యలో ఉంచి, మధ్య అరలో నీళ్ల గ్లాసులో థర్మామీటరు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. జ్వరం చూసేది దీనికి పనికిరాదు. తెల్లవారేసరికి 5 డిగ్రీలలోపు ఉంటే ఫ్రిజ్ బాగున్నట్టే.

అరగంట తిరిగినా వెనక కాయిల్ వెచ్చబడకపోతే, ఫ్రీజర్‌లో ఒక మూలన మాత్రమే మంచు పట్టి మిగతా రేకు తడిగానో పొడిగానో ఉండిపోతే, అప్పుడు గ్యాస్‌ను అనుమానించడం న్యాయం. కంప్రెసర్ బలహీనపడినా ఇలాగే ఉండవచ్చు కనుక మెకానిక్ రెండూ పరీక్షించాలి. లీకు దొరికితే దానిని మూసి, గొట్టాలలోని తేమను పట్టే ఫిల్టర్ మార్చి, వ్యాక్యూమ్ పెట్టి (గొట్టాలలోని గాలిని లాగేసి), లేబులు మీద రాసిన బరువు ప్రకారమే గ్యాస్ నింపమని అడగండి. లీకు మూయకుండా నింపిన గ్యాస్ మళ్లీ పోతుంది. ఆ లేబులు మీద ఆర్600ఏ అని ఉంటే అది మంటలంటుకునే గ్యాస్. ఆ పనిని కిటికీలు తెరిచి, దగ్గరలో పొయ్యి గాని దీపం గాని లేకుండా, ఆ గ్యాస్‌తో పనిచేయడం తెలిసినవారి చేతనే చేయించాలి.