చలికాలంలో సోలార్ యూనిట్లు తగ్గాయా? కడిగే ముందు గ్రాఫ్ చూడండి

నవంబరు వానలు, తుఫాన్లు వెనకపట్టి ఎండ మళ్లీ కాయడం మొదలయ్యాక నెల్లూరులో, ఒంగోలులో సోలార్ ఉన్న ఇళ్లలో వినిపించే మాట ఒకటే: ఎండ బాగుంది, జనరేషన్ మాత్రం రావట్లేదు. వెంటనే పైపు పట్టుకుని మిద్దె ఎక్కేస్తారు. దయచేసి ఆగండి. ముందు ఇన్వర్టర్ (ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీని ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే పెట్టె) యాప్‌లో మబ్బులేని రోజు ఒకటి ఎంచుకుని గ్రాఫ్ చూడండి. యూనిట్లు పొద్దంతా తగ్గాయా, ఒక వేళలోనే తగ్గాయా, పొద్దున్నే మొదలవడం ఆలస్యమైందా అన్నది అందులోనే కనిపిస్తుంది. దాన్నిబట్టి కారణం మారిపోతుంది, చేయాల్సిన పనీ మారుతుంది.

ఏది మామూలో కూడా తెలుసుకోండి. ఒక కిలోవాట్‌కి ఏడాది సగటున రోజుకి 4 యూనిట్లు, అంటే 3 కిలోవాట్ల ఇంటికి 12 దాకా. డిసెంబరులో పగలు 11 గంటల పైచిలుకే కాబట్టి కొంత తగ్గుతుంది, కానీ ప్యానెల్ వేడెక్కితే పవర్ తగ్గే వస్తువు గనక చల్లటి గాలి ఆ లోటుని కొంత పూడుస్తుంది. ఒకటి రెండు యూనిట్లు తగ్గితే టెన్షన్ వద్దు. సగానికి పడిపోతే మాత్రం వెతకాల్సిందే.

గ్రాఫ్ ఆకారం బాగుంది, మొత్తంగా కిందికి దిగింది

ఇది దుమ్ము. వేసవి దుమ్ము గాలికి కొంత ఎగిరిపోతుంది, ధనుర్మాసపు దుమ్ము పోదు. రాత్రి పడిన మంచుకి తడిసి, పొద్దున ఎండకి ఎండి, మళ్లీ తడిసి అద్దానికి పెచ్చులా అంటుకుంటుంది. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పొడి, కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలి దీనికి తోడు. భోగి మంటల మసి కూడా పక్కరోజు ప్యానెళ్ల మీదే కనిపిస్తుంది.

తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడే కడగండి. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు కొడితే పగిలే ప్రమాదం ఉంది. ముందు నీళ్లు చల్లి పది నిమిషాలు నాననిచ్చి, తర్వాత పొడవాటి కర్రకున్న మెత్తటి మాపుతో తుడిస్తే చాలు. సర్ఫ్, గిన్నెలు తోమే పీచు, బాత్రూమ్ యాసిడ్ ఏవీ వద్దు, అద్దం మీది పూత పాడవుతుంది. పక్షి రెట్టని గోకకండి, తడిగుడ్డ దాని మీద కాసేపు ఉంచితే అదే వదులుతుంది. ప్యానెల్ మీద కాలు పెట్టి కడిగేవాళ్లని మాత్రం అస్సలు ఒప్పుకోకండి: పైకి ఏమీ కనిపించదు, లోపల కరెంటు పుట్టించే సెల్స్ చిట్లుతాయి.

కడిగాక కూడా తెల్లమచ్చలు మిగిలితే అది మీ బోరు నీళ్ల పని. మన దగ్గర చాలా ఊళ్లలో బోరు నీళ్లు చవుడు, ఆరిపోయినచోట ఉప్పు పేరుతుంది, వారం వారం అవే నీళ్లతో కడిగితే పొర మీద పొర పెరుగుతుంది. మొదట బోరు నీళ్లు వాడినా చివర ఒక బకెట్ మంచినీళ్లు పోసి, ఆరేలోపు వైపర్‌తో లాగేయండి.

పైనంతా శుభ్రం, అయినా యూనిట్లు పెరగలేదు

ప్యానెల్ కింది అంచు దగ్గరికి వెళ్లి చూడండి. వాలు తక్కువగా పెట్టిన ప్యానెళ్లలో నీళ్లు కింది ఫ్రేమ్ దగ్గర ఆగి, ఎండాక అక్కడ రెండు వేళ్ల వెడల్పున బురద గీత మిగులుతుంది. చూడటానికి చిన్నదే. కానీ నిలువుగా బిగించిన ప్యానెల్‌లో అది అడుగు వరుస సెల్స్ అన్నిటినీ కప్పుతుంది, సెల్స్ సిరీస్‌లో, అంటే గొలుసులా ఒకదానికొకటి కలిపి ఉంటాయి కాబట్టి దెబ్బ ఆ వరుసతో ఆగదు. ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. ఆ గీతని పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తీయండి. నీళ్లు జారిపోవడానికి ఫ్రేమ్ అంచుకి తగిలించే చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు దొరుకుతాయి, అవి పెట్టించండి.

రోజూ ఒకే వేళకి గ్రాఫ్‌లో గుంట

నీడ. వేసవిలో బిగించినవాళ్లకి ఇది కనిపించదు. జూన్‌లో మధ్యాహ్నం పొద్దు మన నెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటుంది, అదే డిసెంబరు 21 నాటికి నెల్లూరులో దక్షిణాన 52 డిగ్రీల ఎత్తుకి దిగుతుంది. ప్యానెళ్లకి దక్షిణంగా 4 అడుగుల నీళ్ల ట్యాంకు ఉంటే దాని నీడ నడిమధ్యాహ్నం కూడా 3 అడుగులు, ఉదయం తొమ్మిదికైతే 6 అడుగుల పైనే. పిట్టగోడ, కొబ్బరి మట్ట, పక్కింటివాళ్లు కొత్తగా లేపిన అంతస్తు, ఏదైనా కావచ్చు. మామూలు ప్యానెల్‌లో 3 బైపాస్ డయోడ్లు (నీడపడిన భాగాన్ని తప్పించి కరెంటుని పక్కదారి పట్టించేవి) ఉంటాయి, ఒక మూల నీడపడినా ఆ ప్యానెల్‌లో మూడో వంతు పోవచ్చు.

గుంట పడిన టైముకి మిద్దె ఎక్కి నీడ ఎక్కడుందో చాక్‌పీస్‌తో గీసి పెట్టుకోండి. ట్యాంకుని ప్యానెళ్లకి ఉత్తరం వైపు మార్చడం, మట్టలు కొట్టించడం చవకైన పనులు. కుదరకపోతే నీడ పడే ప్యానెళ్లకి ఆప్టిమైజర్లు (ఒక ప్యానెల్ లోటు మిగతావాటి మీద పడకుండా చూసే చిన్న పరికరాలు) పెట్టించవచ్చు. నీడకి కడగడం మందు కాదు.

పొద్దున తొమ్మిదైనా ఇన్వర్టర్ లేవదు, తర్వాత బాగానే నడుస్తుంది

తెరమీద ఐసొలేషన్ లేదా ఇన్సులేషన్ ఫాల్ట్ అని చూపిస్తుంటే ఎక్కడో వైరుకో కనెక్టర్‌కో చెమ్మ తగులుతోంది. ఎండకి ఆరగానే ఎర్రర్ పోతుంది, మరుసటి పొద్దున మళ్లీ వస్తుంది. సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పు పట్టిన కనెక్టర్లు, ఎలుకలు కొరికిన వైర్లు, ప్యానెల్ కింద నేలకి ఆనుకున్న కేబుళ్లు ముఖ్య కారణాలు. దీన్ని మాత్రం మీరు ముట్టుకోవద్దు. 6 ప్యానెళ్లు సిరీస్‌లో ఉంటే దాదాపు 250 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది, ఇన్వర్టర్ ఆపినా ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల వైపు అది చావదు. ఎర్రర్ ఉన్నప్పుడే ఫొటో తీసి టెక్నీషియన్‌కి పంపండి, ఆయన ఎండెక్కాక వస్తే తప్పేమీ కనిపించక వెళ్లిపోతాడు. ఆ ఎర్రర్ ఉన్న రోజుల్లో ప్యానెళ్లు కడగకండి కూడా.

నడిమధ్యాహ్నం ఉన్నట్టుండి సున్నా, పది నిమిషాలకి మళ్లీ మామూలు

కరెంటు పోలేదు కదా అని చూసుకుని, యాప్‌లో ఏసీ వోల్టేజి, అంటే లైను వోల్టేజి చూడండి. చలికాలంలో ఏసీలు నడవవు, వీధిలో సోలార్ ఉన్న ఇళ్లన్నీ ఒకేసారి లైనుకి యూనిట్లు పంపుతాయి, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న ఇంట్లో వోల్టేజి 250 దాటి పెరిగి ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతుంది. ఆ టైము, ఆ వోల్టేజి రీడింగు వరుసగా కొన్ని రోజులు రాసిపెట్టి కరెంటు వాళ్ల హెల్ప్‌లైన్ 1912కి ఫిర్యాదు చేయండి, వాళ్ల సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి సర్దే ట్యాప్ మార్చాలన్నా లైను బాగుచేయాలన్నా వాళ్లే చేయాలి. ఈలోగా మోటారు, గ్రైండర్, వాషింగ్ మెషీన్ పనులు పన్నెండు నుంచి రెండు మధ్య పెట్టుకుంటే ఆ యూనిట్లు మీ ఇంట్లోనే ఖర్చయి ఇన్వర్టర్ ఆగడం కొంత తగ్గుతుంది.