పోస్టింగ్ మారుమూలకు పడితే ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

నల్లగొండ జిల్లా చందంపేట మండలంలో టీచరు కొలువు, నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వైపు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కరెంటు కేంద్రంలో కాంట్రాక్టు పని. ఆర్డరు చేతికి రాగానే ఎవరైనా ఫోన్‌లో మ్యాపు తెరిచి కిలోమీటర్లు చూస్తారు. లెక్క అక్కడే తప్పుతుంది. పొద్దున ఎట్లాగో చేరుకుంటాం, సాయంత్రం ఐదు దాటాక తిరిగి రావడమే కష్టం. అందుకే ముందు చూడాల్సింది పని చేసే ఊరి నుంచి ఆఖరి బస్సు ఎన్నింటికి అనేది.

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్, మిర్యాలగూడ ఆర్టీసీ డిపోలున్న ఊర్లు. వీటిలో రైలు ఉన్నది మిర్యాలగూడకే. డిపో ఉన్న ఊరికి రాత్రి బస్సులు తిరిగొస్తాయి కాబట్టి, పది పదిహేను కిలోమీటర్లు దూరమైనా అక్కడ ఉండటమే చాలామందికి నయం. బస్టాండులో బోర్డు చూసి నమ్మొద్దు. ఆ రూట్లో తిరిగే కండక్టరును అడగండి: ఆఖరి ట్రిప్పు ఎన్నింటికి, ఆదివారం నడుస్తుందా, బడి సెలవుల్లో కూడా ఉంటుందా? పిల్లల కోసం వేసిన ట్రిప్పు ఎండకాలం సెలవుల్లో ఉండకపోవచ్చు.

ఇంకో తిరకాసు ఉంది. "మా ఊరికి నైట్‌హాల్ట్ బస్సు ఉంది సార్" అని ఊరివాళ్లు ధైర్యం చెప్తారు. నిజమే, కానీ ఆ బస్సు రాత్రి ఊరికొచ్చి పడుకొని తెల్లారి టౌనుకు పోతుంది. ఊళ్లో ఉండి టౌన్లో పని చేసేవాళ్లకు అది పనికొస్తుంది. టౌన్లో ఉండి ఊళ్లో పని చేసేవాళ్లకు పొద్దునా ఎదురే, రాత్రీ ఎదురే.

ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు కాబట్టి లెక్క తేలిక. బండి మీద పోయేవాళ్లు మాత్రం కాగితం మీద వేసుకోవాలి. ఒకవైపు 30 కిలోమీటర్లయితే రోజుకు 60, నెలకు 24 పనిదినాలకు 1,440. లీటరుకు 50 ఇచ్చే బండికి దాదాపు 29 లీటర్లు, లీటరు 108 రూపాయల లెక్కన 3,100 పైనే. ఆయిలు, టైర్లు, చైను కలిపితే ఇంకో నాలుగైదు వందలు. అంటే పనికి దగ్గర్లో ఇల్లు నెలకు మూడు వేలు ఎక్కువ చెప్పినా నష్టం లేదు. చీకటి పడ్డాక బండి ప్రయాణం అసలే వద్దనుకోండి. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్లు అక్కడే ఉంటాయి. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు సరేసరి.

అచ్చంపేట దాటి అడవి వైపు డ్యూటీ పడ్డవాళ్లకు లెక్క వేరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్ చెక్‌పోస్టు గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు. ఈగలపెంట, దోమలపెంటల్లో షిఫ్టు డ్యూటీ చేస్తూ అచ్చంపేటలో ఇల్లు తీసుకుంటే పొద్దున 6 షిఫ్టుకు అందలేరు. క్వార్టరు పాతదైనా గేటు లోపల ఉండటమే మేలు. ఇక ఏ రూట్లోనైనా వాగు మీద లోలెవల్ వంతెన ఉందేమో ఇల్లు చూడ్డానికి పోయిన రోజే గమనించండి. ఉంటే, వానాకాలంలో వాగు పొంగినప్పుడు చుట్టు తిరిగిపోయే దారి ఎన్ని కిలోమీటర్లో తెలుసుకోండి.

నీళ్లు

నల్లగొండ జిల్లాలో ఇల్లు చూసేటప్పుడు ఓనరును అడగాల్సిన మొదటి మాట కిరాయి కాదు, "తాగేది బోరా, నల్లానా?" అని. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. చాలామంది చేసే పొరపాట్లు రెండు. ఒకటి, నీళ్లు కాచి తాగడం. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. రెండోది, టీడీఎస్ మీటరు పెట్టి చూసి తక్కువుందని సంబరపడటం. ఆ మీటరు మొత్తం లవణాల్ని కొలుస్తుంది. వందల్లో వచ్చే ఆ అంకెలో ఒకటి రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కనిపించదు. ఒక బాటిల్ నీళ్లు గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌కు ఇచ్చి పరీక్ష చేయించుకోవడమే దారి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. జిల్లాకు దక్కిన కీర్తుల్లో అదొకటి! ఇంట్లో చేసుకునే తంటా మాత్రం పెట్టుకోకండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు కృష్ణవి కాబట్టి తాగడానికి అవే పట్టుకోవాలి, బోరు నీళ్లు కడుగుడుకు వాడుకోవాలి.

నల్లా ఉందన్నంత మాత్రాన సరిపోదు. ఎన్ని రోజులకోసారి, ఎన్ని గంటలకు వస్తాయో అడగండి. మీరు డ్యూటీలో ఉండే పదకొండు గంటలకు నీళ్లొస్తే పట్టేదెవరు? సంపు ఉండి, నల్లా నేరుగా అందులో పడేట్టుంటేనే పని జరుగుతుంది. సంపు మూత తీయించి లోపలికి చూడండి. స్నానాలగదిలో గీజరు అంచున, బకెట్ అడుగున తెల్లటి పొర కట్టి ఉంటే బోరు నీళ్లు బాగా ఉప్పు. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఆగిందా అని ఓనరును కాకుండా పక్కింటివాళ్లను అడగండి.

ఇల్లు

ఎండకాలంలో 44 డిగ్రీలు కొట్టే నేల ఇది. రేకుల ఇల్లు చవకగా దొరుకుతుంది, మధ్యాహ్నం ఇంట్లో ఉండేవాళ్లుంటే వద్దు. స్లాబు ఇంట్లో కూడా పై అంతస్తు, పడమటి గోడ ఉన్న అర్ర రాత్రి పదకొండు దాకా వేడి కక్కుతాయి. కింది పోర్షను వెతకండి. మిర్యాలగూడలో రైస్‌మిల్లులు ఎక్కువ. ఇల్లు చూసేటప్పుడు మిద్దె ఎక్కి పిట్టగోడ మీద వేలితో గీయండి. నల్లటి బూడిద అంటితే మిల్లు గాలి ఇటే వస్తున్నట్టు. ఉతికిన తెల్ల బట్టలు ఇక ఆరేయలేరు. అచ్చంపేట, మన్ననూర్ వైపు కోతుల బెడద. కిటికీలకు జాలీ, ట్యాంకుకు బిగుసుకునే మూత లేని ఇల్లు తీసుకోవద్దు.

కరెంటు మీటరు మీ పోర్షనుకు విడిగా ఉందా చూడటం మరవొద్దు. రెండు పోర్షన్లకు ఒకటే మీటరైతే యూనిట్లు ఎక్కువై రేటు శ్లాబు మారిపోతుంది. చెరి 150 యూనిట్లు కాలిస్తే విడి మీటర్ల మీద ఒక్కొక్కరికి మొదటి వందకు 3.40, మిగతా యాభైకి 4.80 చొప్పున 580 రూపాయలు, ఇద్దరికీ 1,160. అవే 300 యూనిట్లు ఒకే మీటరు మీద పడితే మొదటి రెండొందలకు 5.10, తర్వాతి వందకు 7.70 లెక్కన 1,790. 630 రూపాయలు ఊరికే పోయినట్టే. ఫిక్స్‌డ్ చార్జీ ఇందులో కలపలేదు.

ఫోన్ సిగ్నల్ వాకిట్లో కాదు, వెనక అర్రలో తలుపేసి చూడండి. అమ్రాబాద్, చందంపేట తండాల దగ్గర రోడ్డు మీద నాలుగు గీతలు చూపించే ఫోన్ గోడల మధ్య మూగబోతుంది. పక్కింటివాళ్లు ఏ సిమ్ వాడుతున్నారో అదే కొనుక్కోండి.

ముందుగా రెండు నెలలకు ఏదో ఒక గది తీసుకోండి, సామానంతా తేవద్దు. మంచం, స్టవ్వు, ఐదు కిలోల చిన్న సిలిండరు చాలు. ఈలోగా దారి, నీళ్లు, ఇరుగుపొరుగు తెలిసిపోతాయి. అసలు ఇల్లు కుదిరినప్పుడు అడ్వాన్సు ఎంతో, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకొని, మీటరు రీడింగు ఫొటో తీసుకోండి. ఇల్లు అడగడానికి ఆషాఢం మంచి సమయం. ఆ నెలలో కొత్తింట్లో పాలు పొంగించేవాళ్లు తక్కువ, ఖాళీ పోర్షన్లు అట్లే ఉంటాయి, ఓనరు కిరాయి మీద ఐదొందలు దిగొస్తాడు. బేరం అప్పుడు కుదుర్చుకుని, పట్టింపు ఉన్నవాళ్లు శ్రావణంలో చేరొచ్చు.