హోంవర్క్ సందేహానికి జవాబు చెప్పే ముందు

బడి నుంచి వచ్చిన పిల్లలు నోటుపుస్తకం ముందుకు జరిపి "ఈ లెక్క రావడం లేదు" అనగానే, పెద్దవాళ్లు పెన్ను అందుకుని లెక్క చేసి ఇచ్చేస్తారు. సాయంత్రం వేళ ఇంటి పనుల తొందరలో అది సహజమే గాని, అలా చేస్తే లెక్క తెగుతుందే తప్ప సందేహం తెగదు. మరునాడు అంకెలు మారగానే పిల్లలు మళ్లీ అక్కడే ఆగిపోతారు. అందువల్ల ఏ సబ్జెక్టయినా సరే, ముందు "ఎంతవరకు వచ్చింది? అక్కడిదాకా చదివి వినిపించు" అని అడగాలి. ప్రశ్నను తప్పుగా దించుకున్నామనో, ఒక మాటకు అర్థమే తెలియలేదనో చదువుతూ ఉండగానే చాలామంది తామే గుర్తిస్తారు.

గణితంలో జవాబు తప్పని మనం చెప్పడం కన్నా, అది ఎందుకు కుదరదో పిల్లలకే కనబడేటట్లు చేయడం మేలు. 1/2 + 1/3 ఎంత అంటే, పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపి 2/5 అని రాసే పిల్లలు ఎందరో ఉంటారు. వెంటనే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతి అప్పజెప్పకుండా, "2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా?" అని అడగండి. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిపోవడమేమిటని పిల్లలు ఆలోచనలో పడ్డాక, ఒక కాగితపు పట్టీ ఇచ్చి ఆరు సమాన భాగాలు వచ్చేలా మడత పెట్టించండి. సగమంటే మూడు భాగాలు, మూడో వంతంటే రెండు భాగాలు, వెరసి ఆరింట ఐదు. క.సా.గు. 6 ఎందుకు తీసుకోవాలో ఆ పట్టీయే చెబుతుంది. దీనికి పది నిమిషాలు పట్టినా విసుక్కోకూడదు, ఎందుకంటే అదే తరహా మిగతా లెక్కలకు మన అవసరం అంతగా ఉండదు.

సైన్సులో వీలైనంతవరకు వస్తువును చూపించాలి. చల్లని నీళ్లు పోసిన స్టీలు గ్లాసు బయటివైపు ఎందుకు చెమరుస్తుందన్న ప్రశ్నకు గైడులోని రెండు వాక్యాలు దించుకుంటే మార్కులు వస్తాయేమో గాని, లోపలి నీరే ఊరి బయటికి వచ్చిందన్న నమ్మకం పిల్లల మనసులో అలాగే ఉండిపోతుంది. ఆ నీళ్లలో కాస్త బీట్‌రూట్ రసం కలిపించి, బయటి చుక్కలను తెల్లగుడ్డతో తుడవమనండి. గుడ్డకు రంగు అంటదు. గాలిలోని నీటి ఆవిరి చల్లని లోహాన్ని తాకి నీరవుతుందని అప్పుడు వివరించి, "సాంద్రీకరణం" అన్న మాటను ఆఖరున చెప్పాలి; ముందే చెబితే పిల్లలు ఆ మాటనే బట్టీపట్టి ఊరుకుంటారు.

సాంఘిక శాస్త్రంలో తేదీలు విడివిడిగా నిలవవు. ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ ఒకటేననుకుని తారుమారు చేసే పిల్లలకు అడ్డంగా ఒక గీత గీయించి, 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మరణం, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న తెలంగాణ ప్రాంతంతో కలిసి ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం అని వరుసగా గుర్తు పెట్టించండి. ప్రతి మెట్టు దగ్గరా పటంలో సరిహద్దు ఎలా మారిందో వేలితో చూపించమంటే తికమక చాలావరకు విడిపోతుంది.

తెలుగు సంధులకు చెవిని మించిన సాధనం లేదు. "మహోన్నతం" ఏ సంధి అని అడిగితే పేరు చెప్పకండి. పదాన్ని విడదీసి పైకి పలకమనండి. మహా, ఉన్నతం అని విడిగా పలికి, మళ్లీ కలిపి పలికితే ఆ, ఉ కలిసి ఓ కావడం వాళ్లకే వినబడుతుంది, గుణసంధి సూత్రం అక్కడే దొరుకుతుంది. ఇంగ్లీషు వాక్యం తడబడితే, మన వాక్యంలో క్రియ చివర వస్తుందని, అక్కడ కర్త తర్వాత వెంటనే వస్తుందని గుర్తు చేస్తే చాలా తప్పులు సర్దుకుంటాయి.

మనకే తెలియని ప్రశ్న వచ్చినప్పుడు ఊహించి చెప్పడం అన్నిటికన్నా ప్రమాదం. పాఠ్యపుస్తకంలో ఆ పాఠం తెరిచి పిల్లలతో కలిసి వెతకండి. అప్పటికీ తేలకపోతే, ఎక్కడ ఆగిపోయారో ఆ మెట్టు దాకా నోటుపుస్తకంలో రాయించి, పక్కనే సందేహాన్ని ఒక పూర్తి వాక్యంగా వాళ్ల చేతే రాయించి, ఉదయం టీచరుకు చూపించమని పంపండి.