రెండు సబ్జెక్టులు కలిపి మీకు సరిపడే డిగ్రీని ప్లాన్ చేసుకోవడం ఎలా?

ఇంటర్ ఫలితాలు రాగానే సలహా కోసం మా ఇంటికి వచ్చే పిల్లల్లో ఏటా ఒకరిద్దరు ఇదే అడుగుతారు: "మేడం, నాకు కంప్యూటర్సూ ఇష్టమే, తెలుగూ ఇష్టమే. ఏదో ఒకటి వదిలేయాల్సిందేనా?" పక్కనున్న తండ్రి వెంటనే, "తెలుగుదేముందమ్మా, ఇంట్లో చదువుకోవచ్చు" అంటాడు. నేను మాత్రం వదలొద్దనే చెబుతాను. 2022 డిసెంబరులో యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) ప్రకటించిన క్రెడిట్ల (ఒక్కో కోర్సుకు ఇచ్చే పాయింట్ల) విధానంలో ఒకదానికొకటి దూరంగా కనిపించే రెండు సబ్జెక్టుల్ని ఒకే డిగ్రీలో చదువుకునే వీలుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఒక మైనర్ (తోడుగా చదివే రెండో సబ్జెక్టు) పద్ధతి మొదలైంది. తెలంగాణలో దోస్త్ (డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల విధానం) ద్వారా చేరేవాళ్లు కూడా సబ్జెక్టుల జోడీ ఎంచుకుంటారు. నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి కాబట్టి మీరు చేరే ఏడాదివే చూసుకోండి.

మొదట చేయాల్సింది: ఒక ప్రశ్న రాసుకోండి

సబ్జెక్టుల పేర్లు తర్వాత. ముందు తెల్లకాగితం మీద ఒకే ఒక్క ప్రశ్న రాయండి. తెలుగు, కంప్యూటర్స్ జోడీనే తీసుకుందాం. "పాత తెలుగు పుస్తకాల్లో ఉన్నది ఫోన్లో వెతికితే దొరకాలంటే ఏం చేయాలి?" ఇది మంచి ప్రశ్న. ఎందుకో చూడండి. 'క్షి' మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు అది నాలుగు కోడ్‌లు: క, పొల్లు, ష, గుడి. పాత పేజీని స్కాన్ చేసి అక్షరాలుగా మారిస్తే 'మ' ఉన్నచోట 'య' పడొచ్చు, రెండూ చూడ్డానికి అంత దగ్గరగా ఉంటాయి. ఆ తప్పు పట్టుకోవడానికి ప్రోగ్రామింగ్ ఒక్కటే చాలదు. ఉత్పలమాల పద్యంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలని, అంటే ప్రాస నియమం, తెలిసినవాళ్లకైతే మూడు పాదాల్లో 'మ', ఒక పాదంలో 'య' కనబడగానే తప్పెక్కడో తెలిసిపోతుంది. ఆ నియమాన్ని ప్రోగ్రాంగా రాయగలిగితే వేల పద్యాలు సరిచేయొచ్చు.

మీ జోడీ ఏదైనా ఈ పరీక్ష పెట్టండి: ఒక సబ్జెక్టు తీసేసినా ప్రశ్నకు జవాబు దొరుకుతుందా? దొరికితే రెండోదాన్ని ఇష్టంగా బయట చదువుకోండి, దానికి క్రెడిట్లు ఖర్చుపెట్టొద్దు.

రెడీమేడ్‌గా ఉందేమో చూడండి

మీరు కలపాలనుకున్నది ఎక్కడో ఇప్పటికే కోర్సుగా ఉండొచ్చు. ఐఐఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో (కంప్యూటర్‌తో భాషను విశ్లేషించే శాస్త్రం) రీసెర్చ్ ఎంఎస్ కలిపిన ఐదేళ్ల కోర్సు ఉంది. అలాంటిచోట సీటు వస్తే సంతోషం. రాకపోతే మామూలు డిగ్రీ కాలేజీలోనే దాని దగ్గరిదాకా వెళ్లొచ్చు.

క్రెడిట్ల లెక్క వేయండి

యూజీసీ చట్రంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మూడేళ్లలో మేజర్‌కు కనీసం 60, మైనర్‌కు 24. మిగిలిన 36లో భాషలకు 8, స్కిల్ కోర్సులకు 9, ఇతర విభాగాల కోర్సులకు 9, వాల్యూ యాడెడ్ కోర్సులు, ఇంటర్న్‌షిప్‌లకు మిగతావి. మీ యూనివర్సిటీ అంకెలు కాస్త అటూఇటూ ఉండొచ్చు, సిలబస్ కాపీ తెచ్చుకోండి.

చాలామంది ఈ 36 దగ్గరే నష్టపోతారు. ఫ్రెండ్ ఏది తీసుకుంటే అదే, లేదా మార్కులు సులువుగా వచ్చేదే టిక్కు పెట్టేస్తారు. మీ ప్రశ్నకు పనికొచ్చేవి ఏరుకుంటే మైనర్‌కు మరో 10, 15 క్రెడిట్ల బలం తోడవుతుంది. మన ఉదాహరణలో స్కిల్ కోర్సుల్లో డేటా పని, ఇతర విభాగాల కింద భాషాశాస్త్రం, చరిత్ర లాంటివి.

కాలేజీ డబుల్ మేజర్ (రెండు ప్రధాన సబ్జెక్టులు) ఇస్తుంటే, రెండో మేజర్‌లో కనీసం 40 శాతం, అంటే 120లో 48 క్రెడిట్లు చేయాలి. బరువైన పనే.

ఏది మేజర్, ఏది మైనర్?

ల్యాబ్, పక్కన గురువు లేకుండా రానిది మేజర్‌గా పెట్టుకోమంటాను. దానికంటే ముందు చూడాల్సింది పీజీ. మీరు చేయాలనుకున్న పీజీ నోటిఫికేషన్ తీసి, డిగ్రీలో ఏ సబ్జెక్టు ఎంత చదివుండాలో చూడండి. టీచర్ కావాలనుకుంటే బీఎడ్‌లో మెథడాలజీకి (ఏ సబ్జెక్టు బోధించడం నేర్చుకుంటారో దానికి) డిగ్రీ సబ్జెక్టులే ఆధారం, ఇది మర్చిపోయి తర్వాత బాధపడినవాళ్లను చూశాను.

కాలేజీకి వెళ్లి అడగండి

నా విద్యార్థిని ఒకమ్మాయి బ్రోచర్‌లో తను కోరుకున్న మైనర్ ఉందని చూసి ఒక కాలేజీలో చేరింది. తీరా చేరాక, "ఐదుగురే వచ్చారు, సెక్షన్ నడపలేం" అని ఇంకో మైనర్ చేతిలో పెట్టారు. ఆ పిల్ల ఏడుపు నాకింకా గుర్తే. అందుకే ఫీజు కట్టకముందే అడగండి: పోయినేడు ఈ మైనర్‌లో ఎంతమంది ఉన్నారు? లెక్చరర్ రెగ్యులరా, గెస్టా? మేజర్ ల్యాబూ మైనర్ క్లాసూ ఒకే గంటలో పడవు కదా? టైంటేబుల్ చూపించమనండి, సీనియర్లతో మాట్లాడండి.

లేని కోర్సును బయట నుంచి తెచ్చుకోండి

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం పోర్టల్ కోర్సుల ద్వారా ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా క్రెడిట్లు తెచ్చుకునేందుకు యూజీసీ అనుమతిస్తుంది. కానీ ముందు మీ యూనివర్సిటీ ఆ కోర్సును ఒప్పుకుంటుందని హెచ్ఓడీ (విభాగాధిపతి) సంతకంతో కాగితం తీసుకోండి, నోటి మాట సరిపోదు. వచ్చిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఆన్‌లైన్ ఖాతాలో జమవుతాయి, ఏడేళ్ల వరకు చెల్లుతాయి.

2022 నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు కూడా చేయొచ్చు: ఒకటి రెగ్యులర్, ఒకటి ఆన్‌లైన్ లేదా దూరవిద్య. జేఈఈ లేకుండా క్వాలిఫయర్ అనే అర్హత పరీక్షతో చేరగల ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ బీఎస్‌ను ఇలా జతచేసుకునేవాళ్లున్నారు. పరీక్షల తేదీలు ఢీకొంటే టెన్షన్ మీదే కాబట్టి మొదటి సెమిస్టర్ చూసుకున్నాకే దిగండి.

రెండూ కలిసే పని ఒకటి చేయండి

ఇది లేకపోతే మీ చేతిలో ఉండేది పక్కపక్కన పెట్టిన రెండు సగం డిగ్రీలే. నాలుగో ఏడాది రీసెర్చ్ ప్రాజెక్టుకు 12 క్రెడిట్లుంటాయి, దానికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం రావాలి. అంతవరకు ఆగక్కర్లేదు. రెండో ఏడాదిలోనే ఒక శతకం స్కాన్ చేసి, ఏ అక్షరం ఎన్నిసార్లు తప్పు పడిందో నోట్‌బుక్‌లో లెక్క రాయండి. ఆ పట్టికే మీ ప్రాజెక్టుకు మొదటి పేజీ.

ఇప్పుడు ప్రశ్న, సెమిస్టర్ల వారీ కోర్సులు, ప్రాజెక్టు అన్నీ ఒకే పేజీలో రాసి, రెండు విభాగాల్లోనూ ఒక్కో లెక్చరర్‌కు చూపించండి. ఇద్దరినీ ఒకటే అడగండి: "ఇందులో మీ సబ్జెక్టుకు ఏది తక్కువైంది?" వాళ్లు చెప్పింది చేర్చాకే మైనర్ ఫారం నింపండి.