పాత రికెన్‌బ్యాకర్ బేకలైట్ ల్యాప్ స్టీల్‌కి ధర కట్టడం: లోపం, కారణం, పరిష్కారం

రికెన్‌బ్యాకర్ మోడల్ బి 1935లో లాస్ ఏంజిలిస్‌లో మొదలైంది. బేకలైట్ అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ఈ గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టి, స్టీలు కడ్డీతో వాయిస్తారు. దీని విలువలో ఎక్కువ భాగం రెండింటి మీదే నిలబడి ఉంటుంది: గుర్రపునాడా అయస్కాంతాల పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం), పగుళ్లు లేని బేకలైట్. ఆ రెండూ బాగుంటే మిగతా లోపాలు చాలావరకు బేరానికి పనికొచ్చేవే.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది అంటున్నారు, నమ్మాలా?

మొదట అయస్కాంతాలు కొలవండి. తీగల మీదుగా వంగి ఉన్న అయస్కాంతం వెడల్పు, తీగల పొడవు దిశలో, ఒకటిన్నర అంగుళాలు (38 మి.మీ.) ఉంటే యుద్ధానికి ముందుది. ఒకటింపావు అంగుళాలు (32 మి.మీ.) ఉంటే తర్వాతది. ఫోటో చూసి ఒప్పుకోవద్దు, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో అడగండి. ఆ తర్వాత వెనక వైపు చూడాలి. పాతవాటిలో తీగలు శరీరం గుండా వెనక నుంచి వస్తాయి, తర్వాతివాటికి సాధారణంగా టెయిల్‌పీస్ (తీగల చివరలు పట్టి ఉంచే భాగం) ఉంటుంది. పేరు పలక మీద చివరి ‘కె’ స్థానంలో ‘హెచ్’ కనిపిస్తే కంగారు పడొద్దు, పాత స్పెల్లింగ్ అదే. పేటెంట్ 1937 ఆగస్టులో వచ్చింది కాబట్టి పలక మీద పేటెంట్ నంబరు ఉంటే అది అంతకు ముందుది కాదు.

శబ్దం అసలు రావడం లేదు

కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి: కేబుల్ గుచ్చే జాక్ దగ్గర వైరు ఊడి ఉండాలి, లేదా పికప్‌లోని సన్నని తీగ చుట్ట (కాయిల్) తెగి ఉండాలి. మొదటిది సోల్డర్‌తో తీరిపోతుంది. రెండోది పెద్ద దెబ్బ. తేడా తెలుసుకోవడానికి మల్టీమీటర్ చాలు. గిటార్‌కి కేబుల్ పెట్టి, వాల్యూమ్ నాబ్ పూర్తిగా తిప్పి, కేబుల్ రెండో చివర ప్లగ్ మొనకీ ఒంటికీ ప్రోబ్‌లు ఆనించండి. కొన్ని కిలోఓమ్‌లు చూపిస్తే కాయిల్ బతికే ఉంది. 250 లేదా 500 కిలోఓమ్‌ల దగ్గర చూపిస్తే మీటర్ చదువుతున్నది వాల్యూమ్ పాట్‌ని (నాబ్ కింద ఉండే నిరోధకాన్ని), కాయిల్ తెగిపోయిందన్నమాట. ఏమీ చూపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి, ఆ తర్వాత జాక్ వైర్లు.

తెగిన కాయిల్‌ని తిరిగి చుట్టించవచ్చు, వాయించడానికి బాగానే ఉంటుంది. కానీ సేకర్తలు అసలు చుట్టుకే డబ్బు పెడతారు. అందుకే చుట్టుకూలి ఒక్కటే తగ్గించి ధర కట్టడం తప్పు, అంతకంటే బాగా తగ్గించాలి.

శబ్దం వస్తోంది గానీ నీరసంగా ఉంది

కొలత సరిగ్గానే ఉండి పలుకు పలచగా ఉంటే, అయస్కాంతాలు బలం కోల్పోయి ఉండవచ్చు. ఎవరో విప్పి తిరిగి బిగించడంలో దిశ మారి ఉండటం కూడా సాధ్యమే. మరలు చూడండి: గాడి చెదిరి మెరుస్తుంటే ఎవరో చెయ్యి పెట్టారు. అయస్కాంత చార్జర్ ఉన్న పికప్ మెకానిక్ దగ్గర అయస్కాంతాలకు బలం ఎక్కించవచ్చు. విప్పే ముందు దిశ గుర్తు పెట్టుకోమని తప్పకుండా చెప్పండి. అయస్కాంతాలే లేకపోతే ఆ గిటార్‌ని విడిభాగాల ధరకే చూడాలి.

శ్రుతి నిలవడం లేదు

ఈ మోడల్ మెడ వేరు ముక్క, బోల్టులతో బిగించి ఉంటుంది. ఒక తీగ మీటి మెడని మెల్లగా నొక్కితే స్వరం జారుతోందంటే బోల్టులు వదులయ్యాయి. కొంచెం కొంచెంగా బిగించాలి. బలం పెడితే బేకలైట్ పగులుతుంది, అది ఇక అతకదు. జిగురు పెట్టి అతికినా గీత మిగులుతుంది, ఆ చోటు మళ్లీ విడిపోతుంది. అందుకే బోల్టు రంధ్రాల చుట్టూ, తీగలు దూరే రంధ్రాల చుట్టూ టార్చి ఏటవాలుగా పట్టి వెంట్రుకవాసి పగుళ్లు వెతకండి. బోల్టు దగ్గర పగులు ఉంటే, మెరుపు ఎంత బాగున్నా, వదిలెయ్యడమే మంచిది.

గరగర, హమ్, మారిన పాట్‌లు

నాబ్ తిప్పితే గరగర వస్తే కాంటాక్ట్ క్లీనర్ చాలు. ఇలా ఒకే కాయిల్ ఉన్న పికప్‌కి కొంత హమ్ (గుయ్‌మనే శబ్దం) సహజం. గిటార్ తిప్పి పెడితే తగ్గితే లోపం కాదు, లోహపు భాగాన్ని ముట్టుకుంటే పెరిగితే గ్రౌండ్ వైరు ఊడి ఉండవచ్చు. పాట్ వెనక 1376640 లాంటి నంబరు ఉంటే సీటీఎస్ కంపెనీది, 1966లో 40వ వారం చేసింది. అలాంటిది యుద్ధానికి ముందు గిటార్‌లో ఉంటే మార్చారన్నమాట. ధర కొద్దిగానే తగ్గుతుంది, పాత పాట్ సంచిలో వేసి ఇస్తే ఇంకా మంచిది.

మెట్లు (ఫ్రెట్లు) అరిగాయని ఎవరైనా బేరమాడితే పట్టించుకోకండి. అవి బేకలైట్‌లోనే పోతపోసిన గీతలు, స్టీలు కడ్డీ వాటిని తాకదు.

ఎంత ఇవ్వాలి?

అడిగే ధరలు పక్కన పెట్టి, అదే కాలం నాటి అదే మోడల్ ఈ మధ్య నిజంగా అమ్ముడైన ధరలు కనీసం మూడు చూడండి. వాటిలో మధ్యది తీసుకుని, కనిపించిన మరమ్మతుల ఖర్చుకి రెట్టింపు తీసేయండి, విప్పాక ఇంకొకటి బయటపడటం మామూలే. విదేశం నుంచి తెప్పిస్తుంటే రవాణా, కస్టమ్స్ కూడా అందులోంచే పోవాలి. పంపే ముందు తీగల బిగువు తగ్గించి, మెడ కింద మెత్తటి ఆధారం పెట్టమని రాసి ఒప్పించుకోండి.